కింద ఉన్నవాడి మాట

సందు చివర రేకుల షెడ్డు ఒకటుంది. పొద్దుగూకాక దాని ముందునుంచి ఎవరూ నడవరు. కాళ్లు లాగినా సరే, వెనక వీధి చుట్టూ తిరిగి ఇంటికి చేరతారు.

రాత్రయితే లోపలినుంచి చప్పుడొస్తుంది. ఇనుము మీద ఇనుము. ఠక్… ఠక్. కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ — ఠక్… ఠక్. ఎప్పుడూ రెండే. మూడోది విన్న పాపాన పోలేదు ఎవరూ.

లోపలి కారు చక్రాలు ఎత్తుకుపోదామని ఒక దొంగ గోడ దూకాడు. తెల్లారి సందులో దొరికాడు. ముందుపళ్లు లేవు, కుడిచెయ్యి నుజ్జునుజ్జు. ఏం జరిగిందిరా అంటే చెవులు మూసుకున్నాడు తప్ప నోరు విప్పలేదు. ఇంకొక తాగుబోతు పందెం కాసి తలుపు గొళ్లెం దాకా వెళ్లొచ్చాడు. ఆ తరవాత వాడిచేత తాగుడు మాన్పించడానికి వేరే మందు అక్కర్లేకపోయింది.

మూల ఇంట్లో ఉండే ముసలమ్మ మాత్రం చప్పుడు మొదలవగానే కిటికీ రెక్క వేస్తూ, "వచ్చాడమ్మా పనిమంతుడు" అని పక్కకి తిరిగి పడుకుంటుందట. మనిషికి ఏదైనా అలవాటవుతుంది. భయం కూడా.

ఇంతకీ ఆ దెయ్యం సంగతి సందులో మొదట చెప్పింది ఎవరనుకున్నారు? షెడ్డు యజమానే. పాత కార్లు కొని, బాగుచేయించి, అమ్ముకునే షావుకారు. "రేసులో చచ్చిన డ్రైవరు ఆ కారుని వదలకుండా తిరుగుతున్నాడర్రా. ఎంత చప్పుడైనా ఇటు రాకండి" అని తనే ఇంటింటికీ వెళ్లి చెప్పాడు. అమ్ముకునే సరుకుకి తనే దెయ్యాన్ని అంటగట్టే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా? ఆ ముక్క అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

ఆ షెడ్డులోకి ఒక రాత్రి ఒకాయన కావాలనే వెళ్లాడు.

ఆయన్ని అందరూ భూతద్దం అంటారు. ఎప్పుడో ఇంగ్లండులో చేసిన రెండు సీట్ల రేసుకార్లు అసలువా, నకిలీవా, అసలువైతే ఏపాటి చేస్తాయి అన్నది తేల్చడం ఆయన పని. కారు ముందు మోకాళ్ల మీద కూచుని, భూతద్దం కంటికి ఆనించి, బోల్టు బోల్టునీ పలకరిస్తాడు. కొత్త కంచంలో అన్నం పెట్టినా ముందు కంచం తిరగేసి చూసే రకమని వాళ్ల వదిన ఎగతాళి చేసేది.

ఆ కార్ల వ్యాపారంలో ఒక పాడు విద్య ఉంది. ముందు భాగం నుజ్జయిన కారు ఒకటి, వెనక భాగం పోయిన కారు ఒకటి తెస్తారు. రెండింటినీ నడుము దగ్గర కోస్తారు. మంచి సగాన్ని మంచి సగానికి అతికి, పైన రంగు కొడతారు. అడుగున ఛాసిస్ మీద ఉన్న నంబరు అరగదీసి, పందేలు గెలిచిన ఏ పేరుమోసిన కారు నంబరో కొడతారు. ఇక అది ఆ కారే! రెండు శవాల్ని కుట్టి, పెళ్లికొడుకని ఊరేగించినట్టు.

ఇలాంటివి పట్టుకోవడం భూతద్దానికి నేర్పింది వాళ్ల అన్న. అన్న వెల్డరు. ఎడమచేతి వాటం. ఏళ్ల కిందట ఈ షెడ్డులోకే పనికొచ్చాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

వదిన వచ్చి అడిగింది. "కూలి తీసుకుని వెళ్లిపోయాడమ్మా. ఎవత్తెతోనో లేచిపోయుంటాడు" అన్నాడు షావుకారు, నవ్వుతూ. లోకం కూడా ఆ మాటే పట్టుకుంది. లోకానికి పనేముంది?

"పోయాడో, పారిపోయాడో… ఏదో ఒకటి తెలిస్తే చాలు, అబ్బాయ్" అనేది వదిన. "తిట్టుకోవాలో ఏడవాలో కూడా తెలీకుండా బతుకుతున్నాను."

అందుకని, ఆ షెడ్డులో కారు చూసి రావాలని కొనే పెద్దమనిషి కబురు పెట్టినప్పుడు, దెయ్యం పేరు విని మిగతావాళ్లంతా తప్పుకున్నా, భూతద్దం సరేనన్నాడు. తను ఎవరి తమ్ముడో మాత్రం షావుకారుకి చెప్పలేదు.

ఆ రోజంతా వాన. దారి తెగి, ఆయన చేరేసరికి చీకటి పడింది. కొనేవాడు తెల్లారేసరికి వస్తున్నాడు.

"ఈ చీకట్లో ఏం కనపడుతుందండీ… సంతకం పడేసి వెళ్లి పడుకోండి" అన్నాడు షావుకారు, గొళ్లెం తియ్యకుండానే.

"చూడకుండా సంతకం పెట్టే అలవాటు లేదండీ."

షావుకారు చుట్టూ చూశాడు. గొళ్లెం తీశాడు. చీకటి పడ్డాక ఆయన కూడా ఆ తలుపు తీసి ఏళ్లయింది.

లోపల పాత ఆయిలు వాసన. టార్పాలిన్ లాగితే, కింద ఆకుపచ్చ కారు. పొట్టిది, నేలకి అంటుకుని ఉంది. అద్దం లేదు, పైకప్పు లేదు. ఎంత అందంగా ఉందంటే, భూతద్దం ఒక్క క్షణం తను వచ్చిన పని మరిచిపోయాడు.

తరవాత పని మొదలెట్టాడు. వేలి కణుపుతో రేకుని తట్టాడు. అసలు రేకైతే ఖంగుమంటుంది. లప్పం పూసి నున్నగా చేసిందైతే మొద్దుగా పలుకుతుంది. ముందు భాగం ఖంగుమంది. తలుపు దగ్గర…

ఠక్. అని తట్టాడు.

ఠక్… ఠక్. అని జవాబొచ్చింది.

భూతద్దం చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"రేకులు… పైన రేకులు" అన్నాడు షావుకారు గబుక్కున. "పగలంతా ఎండకి కాగి, రాత్రి చల్లబడితే అలాగే చప్పుడు చేస్తాయి."

ఆ రోజు ఎండ ముఖమే లేదు. భూతద్దం దీపం కిందికి దించాడు. నేల చూశాడు. ఇలాంటి షెడ్లలో కారు కింద నిలబడి పని చేసుకోడానికి గుంత ఉంటుంది. ఇక్కడ దాని ఇనప అంచులు మాత్రం ఉన్నాయి. మధ్యలో సిమెంటు.

"గుంత పూడ్చారేం?"

"నీళ్లు ఊరుతున్నాయని."

"అయితే కారెత్తండి. అడుగు చూడాలి."

షావుకారు జాకీ పెట్టి కాడ ఆడించాడు. కారు ముందు భాగం మెల్లిగా లేచింది. భూతద్దం ఊరుకోలేదు. ముందు చక్రం విప్పి, తలుపు కింద అంచుకి ఆనేలా నేలమీద పడుకోబెట్టాడు. జాకీ జారినా కారు చక్రం మీద ఆగుతుంది. అన్న నేర్పిన మొదటి పాఠం అదే. జాకీని నమ్మి కారు కిందికి దూరేవాడు పులినోట్లో తలపెట్టి, పులి మంచిదనుకునేవాడితో సమానం అనేవాడు అన్న.

షావుకారు నవ్వాడు. "ఈ పిచ్చి పద్ధతి మీకెవరు నేర్పారండీ? వాడూ ఇలాగే—"

ఆగిపోయాడు.

"ఎవడు?"

"ఎవడో… పనివాడు."

భూతద్దం కారు చుట్టూ తిరిగి అవతలి వైపు వెళ్లాడు. తన సంచిలోంచి కట్టెదిమ్మ తీసి, ఆ వైపు అంచు కింద కూడా దోపాడు. ఇది అన్న నేర్పింది కాదు. అన్న కనపడకుండా పోయాక, లోకాన్ని సగమే నమ్మాలని తనంతట తను నేర్చుకున్నది. షావుకారు దాన్ని చూళ్లేదు.

దీపం పట్టుకుని, వెల్లకిలా కారు కిందికి జరిగాడు.

ముందు నంబరు చూశాడు. అంకెలు వంకరగా, ఒకటి లోతుగా, ఒకటి పైపైన ఉన్నాయి. కార్ఖానాలో కొట్టినవాడి చెయ్యి అలా ఉండదు. సీసా తీసి, గుడ్డని యాసిడ్‌తో తడిపి, దానిమీద రుద్దాడు. ఇనుము మీద అంకె కొట్టినప్పుడు దెబ్బ లోపలిదాకా దిగుతుంది. పైన ఎంత అరగదీసినా లోపలి దెబ్బ పోదు. యాసిడ్ తగిలితే, చెరిపేసిన అంకెలు మళ్లీ తేలతాయి.

తేలాయి. కొత్త అంకెల వెనకనుంచి, బూడిదరంగులో, వేరే అంకెలు.

నకిలీ.

కారు నడుము దగ్గరికి జరిగాడు. రంగు గీకాడు. రెండు కార్లూ కలిసిన అతుకు బయటపడింది. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, ఎక్కడా తడబాటు లేని అతుకు. పొలుసులు మాత్రం అందరి అతుకులకీ ఎదురుగా తిరిగి ఉన్నాయి. ఎడమచేత్తో చేసిన అతుకు.

అన్న చెయ్యే. కళ్లు మూసి తడిమినా చెప్పగలడు… అన్న చెయ్యే.

కానీ ఆ వంకర అంకెలు అన్న కొట్టినవి కావు. ప్రాణం పోయినా అన్న అలాంటి అంకె కొట్టడు. బాగుచెయ్యడానికని అతికుంటాడు. దొంగ నంబరు కొట్టమంటే కొట్టనని ఉంటాడు. అప్పుడు…

ఠక్… ఠక్.

ఈసారి పైనుంచి కాదు. కారులోంచి కాదు. వీపు కింద ఉన్న సిమెంటులోంచి వచ్చింది. వెన్నెముకకి తగిలింది.

ఠక్… ఠక్.

ఆ సందులో ఏళ్ల తరబడి ఎవరికీ అర్థంకాని ఆ చప్పుడు, భూతద్దానికి ఇప్పుడు అర్థమైంది.

అన్నదమ్ములు కలిసి పనిచేసే రోజుల్లో పక్కనే గాలియంత్రం హోరు. కారు కింద ఉన్నవాడి మాట జాకీ దగ్గరున్నవాడికి వినపడేది కాదు. అందుకని రెంచీతో రేకు మీద కొట్టి చెప్పుకునేవారు. ఒక దెబ్బ అంటే చాలు. మూడంటే దించు. అన్నం క్యారేజీ తెచ్చిన వదిన కూడా ఎన్నోసార్లు జాకీ కాడ పట్టుకుని ఆ భాష నేర్చుకుంది. ఒక్కటే కట్టుబాటు — కింద ఉన్నవాడిదే మాట. జాకీ దగ్గరున్నవాడికి సొంత బుద్ధి ఉండకూడదు.

మరి రెండు దెబ్బలంటే?

ఎత్తు.

ఎత్తు… ఎత్తు… ఎత్తు. ఇన్నేళ్లుగా, ప్రతి రాత్రీ.

"అన్నా…" అన్నాడు భూతద్దం. గొంతు దాటకూడని మాట, దాటిపోయింది.

జాకీ దగ్గర పాదాలు కదలడం ఆగాయి.

"అన్నా?" అంది పైనుంచి గొంతు, చాలా మెల్లిగా. "ఓహో… నువ్వా వాడి తమ్ముడివి."

ఒక కాలు వచ్చి చక్రాన్ని తన్నింది. చక్రం పక్కకి జారిపోయింది. జాకీ బుస్సుమంది.

కారు మీద పడింది.

అవతలి వైపు కట్టెదిమ్మ ఫటేలుమని చీలింది. చీలినా నిలబడింది. ఇవతల ఇనపంచు వచ్చి భుజం మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు తన చెవులకే వినపడింది. దీపం చితికిపోయింది. అరుపు రాకుండా పెదవి కొరికాడు. నోరంతా రక్తం. దిమ్మ ఆపిన సందులోంచి, విరిగిన భుజాన్ని ఈడ్చుకుంటూ, వాన చినుకుల మోతలో, చప్పుడు కాకుండా అవతలికి దొర్లాడు. గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టాడు.

చీకటి. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి.

ఠక్… ఠక్. కారు కిందనుంచి.

షావుకారు ఉలిక్కిపడ్డాడు. "ఇంకా చావలేదట్రా?"

ఠక్… ఠక్.

"వాడూ ఇంతే" అన్నాడు షావుకారు. "అంకెలు కొట్టరా అంటే కొట్టనన్నాడు. గుంతలో ఉండగానే మీద కారు దించేస్తే, తెల్లారేదాకా ఇది మాత్రం కొట్టాడు. ఇక్కడే కూచుని విన్నాను. సందంతా విన్నది. దెయ్యం అని చెప్పాను, నమ్మారు!"

ఠక్… ఠక్.

"ఆపరా!"

జాకీ కాడ గడగడా ఆడింది. షావుకారు కారు ఎత్తుతున్నాడు. చీలిన దిమ్మ ఒరిగి పడిపోయింది. ఇనప రాడ్డు నేలమీద రాసుకున్న చప్పుడు. తరవాత బోర్లా పడుకుని, కింద ఉన్నవాణ్ని అక్కడే చావబాదడానికి, కారు కిందికి పాకాడు. చక్రం పెట్టలేదు. దిమ్మ పెట్టలేదు. ఒక్క జాకీనే నమ్మాడు.

రాడ్డు దెబ్బలు పడుతున్నాయి. మనిషి మీద కాదు, సిమెంటు మీద. ఒక దెబ్బకి నిప్పురవ్వలు లేచాయి. ఆ వెలుగులో షావుకారు ముఖం ఒక్కసారి కనిపించింది. కారు కింద ఎవరూ లేరని ఆయన అప్పుడే చూశాడు.

"ఎక్కడున్నావురా…" అన్నాడు గుసగుసగా.

జవాబు ఆయన కడుపు కిందనుంచే వచ్చింది.

ఠక్. ఠక్. ఠక్.

మూడు.

ఆ సందులో ఎప్పుడూ, ఎవరూ వినని మూడోది.

భూతద్దం జాకీ దగ్గరికి ఎలా వచ్చాడో ఆయనకే తెలీదు. మంచి చెయ్యి కాడ మీద ఉంది. కోపం లేదనలేం, ఉంది. ఇన్నేళ్ల వదిన ముఖం కళ్లముందుంది. కానీ ఆ క్షణాన చేతిని కదిపింది కోపం కాదంటాడు ఆయన. కింద ఉన్నవాడు దించమన్నాడు. దించాడు.

జాకీ బుస్సుమంది. కారు దిగింది. షావుకారు కేక షెడ్డు రేకుల్ని కోసినట్టు లేచింది. ఇంకొంచెం దిగింది…

ఠక్.

ఒక్కటే. చాలు.

భూతద్దం కాడ బిగించాడు. కారు ఆగింది. షావుకారు కదల్లేడు, కానీ అరవగలడు.

"ఎత్తు నాయనా… నీ కాళ్లు పట్టుకుంటాను… ఎత్తు!"

భూతద్దం కాడ పట్టుకుని, రెండు దెబ్బల కోసం ఎదురుచూశాడు. నిజంగానే ఎదురుచూశాడు. ఒక్కసారి వినపడితే ఎత్తేవాడే.

వినపడలేదు.

కాడ వదిలేసి, మనుషుల్ని పిలవడానికి వానలోకి పరుగెత్తాడు. నెత్తురోడుతూ ఒక తలుపు బాదాడు. "తియ్యండి! లోపల మనిషున్నాడు!" గొళ్లెం బిగుసుకున్న చప్పుడు. ఇంకో తలుపు. దీపం ఆరిపోయింది. మూల ఇంటి కిటికీలో ముసలమ్మ ముఖం కనిపించింది. షెడ్డు వైపునుంచి రాత్రిపూట వచ్చినదానికి ఎవరు తలుపు తీస్తారు? రెక్క మూసుకుంది. ఆ గుమ్మంలోనే భూతద్దం తెలివి తప్పి పడిపోయాడు.

తెల్లారి పాలవాడు ఆయన్ని తట్టి లేపాడు. జనం చేరారు. ముసలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చెబుతోంది.

"రాత్రి మరీ గోల చేశాడమ్మా పనిమంతుడు. అదేంటో, నిన్న వరస తప్పింది. రెండూ రెండూ కాదు, ఎడాపెడా బాదాడు. 'ఎత్తండి, ఎత్తండి' అని ఏడ్చాడు కూడా. ఎప్పట్లాగే కిటికీ వేసుకుని పడుకున్నా…"

ఎప్పట్లాగే. ఆ మాట అన్నాక ఆమెకే ఏదో తట్టింది. అందరికీ తట్టింది. ఎప్పుడో మొదటి రాత్రి కూడా ఇలాగే కిటికీలు వేసుకున్నారు. ఎవరూ ఎవరి ముఖం చూడలేదు.

షావుకారు చచ్చిపోయి ఉన్నాడు. కారు ఆయన్ని నలపలేదని డాక్టరు చెప్పాడు. ఒక్క ఎముకా విరగలేదు, గుండె ఆగిందంతే. పిడికిళ్లు మాత్రం పచ్చిపుండ్లు. డాక్టరు ఇంకో సంగతి కూడా చూపించాడు. మీద పడ్డ కారు కిందనుంచి బయటికి పాకాల్సిన మనిషి చేతులు రెండూ కిందికే ఉన్నాయి. నేలలోంచి వస్తున్నదేదో రాకుండా, సిమెంటుని అదిమిపట్టి ఉన్నాయి.

కొనే పెద్దమనిషి సందు మొగలోంచే వెనక్కి తిరిగాడు. కారుని బయటికి లాగేశారు. సాయంత్రానికి వదిన వచ్చింది. అప్పుడు సిమెంటు పగలగొట్టారు.

గుంతలో అన్న ఉన్నాడు. వెల్డింగు కళ్లద్దాలు అలాగే ఉన్నాయి. ఎడమచేతి ఎముకల మధ్య రెంచీ ఉంది. వదిన ఏడవలేదు, కేక పెట్టలేదు. అంచు దగ్గర కూచుని, "ఎవరితోనూ పోలేదు… ఇక్కడే ఉన్నాడు" అని మాత్రం తనలో తను అనుకుంది.

నలుగురు గుంతలోకి దిగారు. దుప్పటి పరిచి, దానిమీదికి జాగ్రత్తగా చేర్చి, నాలుగు మూలలూ పట్టుకున్నారు.

"ఎత్తండి" అన్నాడు భూతద్దం.

ఎత్తారు. అంచు దాటించి నేలమీద పెట్టారు. అప్పుడు, ఎవరూ లేని ఆ గుంతలోంచి —

ఠక్.

మోస్తున్నవాళ్లు దుప్పటి వదిలేసి గోడకి అతుక్కుపోయారు. ముసలమ్మ చెవులు మూసుకుంది. భూతద్దం వదిన వైపు చూశాడు. రెండోది వస్తుందేమోనని ఇద్దరూ విన్నారు. రాలేదు. ఆ తరవాత ఇంకెప్పుడూ రాలేదు.

వదిన కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"చాలంటున్నాడు, అబ్బాయ్."